వాల్వు మార్చే ముందు మీటరు తీయండి

వాల్వు ఆంప్లిఫయరు బల్ల మీదికి వచ్చిందంటే దానితోపాటు ఒక మాట కూడా వస్తుంది: "ట్యూబులు పోయినట్టున్నాయండీ, కొత్తవి వేసి ఇచ్చేయండి." తెచ్చినాయన ఆ మాట ఎక్కడో విని ఉంటాడు. ఆయన అడిగినట్టే వేసిచ్చేస్తే సెట్టు నాలుగు రోజులు బాగానే పాడుతుంది. నెలా రెండు నెలల్లో మళ్లీ అదే పెట్టె, అదే హమ్ము. ఈసారి తప్పు మాత్రం మీ ఖాతాలో పడుతుంది. టైరులో ముల్లు అలాగే ఉంచి ట్యూబు మార్చినట్టన్నమాట.

మిక్సర్లు, కీబోర్డులు, పవర్ ఆంప్లిఫయర్లు బాగుచేస్తూ బతికేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ట్రాన్సిస్టర్ల మీద, ఐసీల మీద చెయ్యి తిరిగినా వాల్వు సెట్టు కనబడగానే కాస్త జంకేవాళ్లుంటారు, ముఖ్యంగా వాళ్ల కోసం. ఇలాంటి సెట్లు ఇప్పుడు మన ఊళ్లకు మళ్లీ వస్తున్నాయి. తాతగారి గుర్తని దాచుకున్న మర్ఫీ, ఫిలిప్స్, బుష్ రేడియోలు ఎలాగూ ఉన్నాయి. గిటారు వాయించేవాళ్లకు వాల్వు ఆంప్లిఫయరంటే ప్రాణం. అమెరికా నుంచి తిరిగొచ్చినవాళ్లు ఇంటి సామానుతోపాటు ఫెండరో మరొకటో తెచ్చుకుంటున్నారు. ఇంట్లో పాటలు వినడానికి చైనా సెట్లు తెప్పించుకునేవాళ్లూ ఉన్నారు. ఈ పనినే నమ్ముకుని కొట్టు పెట్టమని ఎవరికీ చెప్పను, అంత గిరాకీ లేదు. కానీ చేసేవాళ్లు తక్కువ కాబట్టి, ఉన్న పనికి దీన్ని జోడించుకుంటే నలుగురూ వెతుక్కుంటూ వస్తారు.

ముందు ప్రాణం సంగతి. ట్రాన్సిస్టర్ సెట్టులో ముప్పై నలభై వోల్టులు చూసిన చెయ్యి మీది. ఇక్కడ చిన్న ఇ.ఎల్.84 సెట్టులోనే సుమారు 300 వోల్టుల డీసీ ఉంటుంది. ఇ.ఎల్.34 సెట్టులో 400 నుంచి 450, కొన్నిట్లో 500 కూడా దాటుతుంది. ప్లగ్గు పీకేసినా ఫిల్టరు కండెన్సర్లలో ఆ వోల్టేజి నిలిచే ఉంటుంది. స్క్రూడ్రైవరుతో షార్టు చేసి చటుక్కుమనిపించే అలవాటు ఇక్కడ మానేయండి, కండెన్సరూ పాడవుతుంది, కళ్లకూ ప్రమాదం. 10 కిలో ఓములు, 10 వాట్ల వైరువౌండ్ రెసిస్టెన్సుకు రెండు వైపులా బాగా ఇన్సులేషను ఉన్న తీగలు, మొసలి క్లిప్పులు వేసి ఒకటి తయారుచేసి పెట్టుకోండి. ముందు ఛాసిస్‌కు, తర్వాత కండెన్సరు ప్లస్‌కు తగిలించి పది సెకన్లు ఉంచండి. ఆ తర్వాత మీటరుతో చూడండి. కాసేపాగి మళ్లీ చూడండి, ఎందుకంటే ఖాళీ అయిన కండెన్సరులో కొంత వోల్టేజి తనంతట తనే తిరిగి పుడుతుంది. మీటరూ దాని తీగలూ 1000 వోల్టులకు తగినవై ఉండాలి. సెట్టు ఆన్‌లో ఉండగా కొలవాల్సి వస్తే ఒక్క చేత్తోనే కొలవండి, రెండోది జేబులో పెట్టుకోండి.

పాత రేడియోల్లో ఇంకో గండం ఉంది. యు.సి.హెచ్., యు.ఎల్., యు.వై. అని యు అక్షరంతో మొదలయ్యే వాల్వులు కనిపిస్తే అది ఏసీ–డీసీ సెట్టు. వాల్వుల హీటర్లన్నీ వరుసగా కలిపి నేరుగా మెయిన్సుకే ఇచ్చి ఉంటారు. ప్లగ్గు తిరగేసి పెడితే ఛాసిస్ మొత్తానికీ కరెంటు వస్తుంది. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు లేకుండా అలాంటి సెట్టు వెనక మూత తీయకండి. మీ దగ్గర ఆ ట్రాన్స్‌ఫార్మరు లేకపోతే ఆ పని ఒప్పుకోకండి, నామోషీ ఏమీ లేదు.

ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయరులో స్పీకరు తీగలు ఒకదానికొకటి తగిలితే భయం. స్పీకరు లేకపోతే దానికేం కాదు. వాల్వు ఆంప్లిఫయరులో సంగతి తిరగబడుతుంది. స్పీకరు గానీ డమ్మీ లోడు గానీ లేకుండా సిగ్నలిస్తే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ప్రైమరీలో వోల్టేజి ఎగదన్ని సాకెట్టులోనో వైండింగులోనో నిప్పురవ్వ పుడుతుంది. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు పోయిందంటే ఆ సెట్టులో ఖరీదైన సామానే పోయిందన్నమాట. కాబట్టి బల్ల మీద 8 ఓముల, 100 వాట్ల డమ్మీ లోడు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. సిరీస్ బల్బు కూడా ఉండాలి, అదీ ఫిలమెంటు బల్బే. ఎల్ఈడీ బల్బు పెడితే ఉపయోగం లేదు. పాత బల్బులు దొరకడం కష్టమవుతోంది, కనిపించినప్పుడే 60, 100 వాట్లవి నాలుగు కొని దాచుకోండి.

ఇక వాల్వుల ఆయుష్షు. "వాల్వులంటే తొందరగా పోతాయి" అన్న మాట సగమే నిజం. 1946లో అమెరికాలో లోకానికి చూపించిన ఇనియాక్ కంప్యూటరులో దాదాపు 18,000 వాల్వులుండేవి. అన్ని ఉంటే నిమిషానికొకటి పోతుందని అప్పట్లో చాలామంది అనుకున్నారు. వాటిని తయారీదారు ఇచ్చిన హద్దులకు బాగా కిందే వాడటం వల్ల సగటున రెండు రోజులకొకటి పోయే స్థితికి తెచ్చారు. పోయినవాటిలో ఎక్కువ భాగం యంత్రం వేడెక్కేటప్పుడో చల్లారేటప్పుడో పోయినవే. అందుకే దాన్ని ఆపకుండా నడిపేవారు. 1956లో స్కాట్లండ్ నుంచి న్యూఫౌండ్లండ్ దాకా అట్లాంటిక్ అడుగున వేసిన మొదటి టెలిఫోను కేబుల్లో వాల్వు రిపీటర్లు పెట్టారు. సముద్రంలోంచి పైకి తీసి వాల్వు మార్చే వీలెక్కడిది? ఆ కేబులు 1978 వరకూ పనిచేసింది. వాల్వుకు స్వతహాగా ఇంతేనని ఒక ఆయుష్షు లేదు. చుట్టూ ఉన్న సర్క్యూటు దాన్నెంత కష్టపెడుతుందో దాన్నిబట్టే బతుకుతుంది.

ఆడియోలో మామూలుగా చెప్పుకునే లెక్కలు ఇవి. ఇ.సి.సి.83 లాంటి చిన్న వాల్వు మంచిదైతే పదివేల గంటలైనా పనిచేస్తుంది. ఔట్‌పుట్ వాల్వు సెట్టునుబట్టి 1,500 నుంచి 5,000 గంటలు. రోజుకు రెండు గంటలు పాటలు వినే ఇంట్లో ఏడాదికి 730 గంటలవుతాయి. అంటే ఔట్‌పుట్ వాల్వులు తక్కువలో తక్కువ రెండేళ్లు రావాలి, చిన్నవి పదేళ్లు దాటాలి. ఏడాది తిరక్కుండా వాల్వులు అడుగుతున్న సెట్టు కనిపిస్తే లోపం వాల్వులో లేదని ఈ లెక్కే చెప్పేస్తుంది. కస్టమరుతో కూడా ఇదే లెక్క వేయించండి, మిగతా మాట మీరు చెప్పక్కర్లేదు.

బల్ల మీద మొదటి పరీక్ష కళ్లతోనే. గాజు పైభాగానో పక్కనో అద్దంలా మెరిసే పూత ఉంటుంది, దాన్ని గెట్టరంటారు. అది బేరియం. లోపల మిగిలిన గాలిని అది పీల్చుకుంటుంది. ఆ పూత పాలలా తెల్లబడిందంటే గాజుకు పగులు వచ్చి గాలి చొరబడింది, ఆ వాల్వుతో ఇక పని లేదు. వెండిరంగో గోధుమరంగో ఉంటే ఫరవాలేదు. సెట్టు ఆన్ చేశాక గాజు లోపలి గోడ మీద నీలిరంగు వెలుగు కనిపిస్తే కంగారుపడకండి, ఆరోగ్యంగా ఉన్న వాల్వుల్లోనూ అది ఉంటుంది. కస్టమర్లు ఫోన్లో వీడియో తీసి మరీ పంపుతారు, సర్దిచెప్పండి. ప్లేట్ల మధ్య గులాబీ ఛాయ కలిసిన ఊదా పొగలాంటి వెలుగు వస్తే మాత్రం లోపల గ్యాసు చేరింది, తీసేయాల్సిందే. ప్లేటు ఎర్రబడితే ఆలోచించకుండా స్విచ్చి ఆపండి. నిమిషాలు గడిచేకొద్దీ వాల్వూ ట్రాన్స్‌ఫార్మరూ రెండూ పోతాయి.

ప్లేటు ఎందుకు ఎర్రబడింది? చాలామంది ఇక్కడే కొత్త వాల్వు అందుకుంటారు. నా మాట వింటే ముందు కప్లింగు కండెన్సరును అనుమానించండి. వెనక స్టేజీ ప్లేటు మీదున్న వంద, రెండొందల వోల్టుల డీసీ ఔట్‌పుట్ వాల్వు గ్రిడ్డుకు రాకుండా ఆపేది అదే. పాత కాగితం కండెన్సర్లు ముసలితనంలో కొద్దికొద్దిగా లీకవుతాయి. గ్రిడ్డు మీదికి ఒకటి రెండు పాజిటివ్ వోల్టులు వచ్చినా చాలు, వాల్వు కరెంటు హద్దు దాటిపోతుంది. కేథోడ్ బయాస్ ఉన్న సెట్టులో గ్రిడ్డు మీద సున్నా ఉండాలి. పాజిటివ్ కనిపిస్తే సెట్టు ఆపి, ఆ వాల్వు పీకి, మళ్లీ ఆన్ చేసి సాకెట్టులో అదే పిన్ను మీద కొలవండి. వోల్టేజి ఇంకా ఉంటే కండెన్సరు లీకు. సున్నాకు పడిపోతే వాల్వులోనే గ్యాసు. ఇంత తేలిక పరీక్షకు బద్ధకించి ఎంతమంది చేత ఎన్ని వాల్వులు కొనిపించామో లెక్క తీస్తే మన వృత్తికి సిగ్గేస్తుంది.

ఫిక్స్‌డ్ బయాస్ సెట్టులో కరెంటు మనమే సరిపెట్టాలి. కేథోడుకూ ఛాసిస్‌కూ మధ్య ఒక ఓము రెసిస్టెన్సు ఉంటే పని సులువు, దాని మీద ఎన్ని మిల్లీవోల్టులుంటే అన్ని మిల్లీయాంపులు. లేకపోతే మీరే వేయండి, వేశానని బిల్లులో రాయండి. క్లాస్ ఏబీ పుష్‌పుల్ సెట్టులో ప్లేటు తట్టుకోగల గరిష్ఠ వాట్లలో 70 శాతం దాటకుండా ఉంచడం వాడుక. ఇ.ఎల్.34కు ఆ గరిష్ఠం 25 వాట్లు. 70 శాతమంటే 17.5. ప్లేటు మీద 450 వోల్టులుంటే 17.5ను 450తో భాగించాలి, దాదాపు 39 మిల్లీయాంపులు వస్తుంది. కేథోడు దగ్గర కొలిచే అంకెలో స్క్రీను కరెంటు కూడా కలిసి ఉంటుంది, కాబట్టి మీటరు మీద 39 చూపిస్తే ప్లేటు కరెంటు దానికి కాస్త తక్కువే, ఆ తేడా మనకు అనుకూలమైనదే. 70 అన్నది పై హద్దు, అందుకోవాల్సిన గమ్యం కాదు. 60 శాతం దగ్గరే సౌండు బాగుంటే అక్కడే ఆపేయండి. వాల్వు ఎక్కువకాలం వస్తుంది, రెండు మూడు వాట్ల తేడా చెవికి తెలియదు.

మన దగ్గర వోల్టేజి ఒక్క తీరుగా ఉండదు, ఈ పనిలో అది పెద్ద తలనొప్పి. సాయంత్రం బల్ల మీద 215 దగ్గర బయాస్ పెట్టి పంపితే, అర్ధరాత్రి ఊరంతా పడుకున్నాక 245కు ఎక్కిన మెయిన్సులో ఆ లెక్కంతా తప్పుతుంది. వేరియాక్ ఉంటే 240 దగ్గర కూడా ఒకసారి కొలిచి చూసి, అక్కడా హద్దు దాటనంతగా సరిపెట్టండి. 220 వోల్టులకు చుట్టిన పాత ట్రాన్స్‌ఫార్మరుకు 240 ఇస్తే 6.3 వోల్టుల హీటరుకు దాదాపు 6.9 వెళుతుంది. మామూలుగా ఒప్పుకునే హద్దు పది శాతం, అంటే అంచుకొచ్చేశామన్నమాట. అలాంటి సెట్టు ఉన్న ఇంటికి కొత్త వాల్వుల కన్నా మంచి స్టెబిలైజరే లాభం.

అమెరికా నుంచి వచ్చిన 120 వోల్టుల సెట్టుకు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కొనిపిస్తాం. బజారులో దొరికే చాలా కన్వర్టర్లలో మూడో పిన్నుకు, అంటే ఎర్తుకు, లోపల తీగే ఉండదు. మీటరుతో చూసుకోండి. ఇంకో సంగతి, అక్కడి ట్రాన్స్‌ఫార్మర్లు 60 హెర్ట్‌జ్‌కు చేసినవి. మన 50 హెర్ట్‌జ్ మీద కోర్ సాచురేషన్‌కు దగ్గరవుతుంది, వేడెక్కుతుంది. కన్వర్టరులో 110 వోల్టుల ట్యాపుంటే దానికి మార్చండి. అప్పటికీ చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే 230 వోల్టుల ప్రైమరీ ఉన్న ట్రాన్స్‌ఫార్మరు వేయడమే సరైన వైద్యం. ఖర్చు ఎక్కువే. ముందే చెప్పండి, ఒప్పుకుంటే చేయండి.

స్టాండ్‌బై స్విచ్చి గురించి రకరకాల మాటలు వినిపిస్తాయి. హీటరు వెలుగుతూ ప్లేటు కరెంటు లేకుండా గంటల తరబడి ఉంచితే కేథోడు మీద ఒక పొర పేరుకుని వాల్వు నీరసపడుతుంది. అమెరికాలోని ఎం.ఐ.టి.లో వర్ల్‌విండ్ కంప్యూటరు కట్టినవాళ్లకు ఇది పెద్ద సమస్యయింది. కేథోడు నికెల్‌లోని సిలికానే కారణమని కనిపెట్టి, దాన్ని తగ్గించి వాల్వులు చేయించుకున్నారు. ఇంట్లోనో స్టేజి మీదో వాడేవాడికి సలహా చిన్నదే: పావుగంట విరామమైతే స్టాండ్‌బై, భోజనానికి వెళుతుంటే పూర్తిగా ఆఫ్.

హమ్ము ఉంటే దాని శ్రుతి వినండి. సన్నగా బుస్సుమనేది 100 హెర్ట్‌జ్, ఫిల్టరు కండెన్సర్లు ఎండిపోయాయి. లోతుగా గుమ్మనేది 50 హెర్ట్‌జ్, హీటరు తీగలో, ఎర్తు అతుకో, వాల్వులో హీటరుకూ కేథోడుకూ మధ్య లీకో చూడాలి. తర్వాత ముందు వైపు నుంచి చిన్న వాల్వులు ఒక్కొక్కటే పీకుతూ రండి, ప్రతిసారీ సెట్టు ఆపి మరీ. ఏది పీకితే హమ్ము పోయిందో లోపం దాని దగ్గరో దాని ముందో ఉంది. అన్నీ పీకినా పోకపోతే పవర్ సప్లై వైపు వెళ్లండి. ఈ పద్ధతి హీటర్లు వరుసలో ఉన్న రేడియోలకు పనికిరాదు, ఒకటి పీకితే అన్నీ ఆరిపోతాయి. టింగుటింగుమని మోగే వాల్వును పెన్సిలుతో మెల్లగా తట్టి పట్టుకోవచ్చు. మొదటి స్టేజీలో మోగే ఇ.సి.సి.83ను పారేయకండి, వెనక ఫేజు ఇన్వర్టరు స్థానంలో హాయిగా పనిచేస్తుంది.

ఫిల్టరు కండెన్సరు మార్చేటప్పుడు ఒక ఆశ పుడుతుంది: 16 మైక్రోఫారడ్ స్థానంలో 100 వేస్తే హమ్ము ఇంకా తగ్గుతుంది కదా అని. రెక్టిఫయరు డయోడైతే అనుకోవచ్చు. వాల్వు రెక్టిఫయరైతే కుదరదు. జి.జెడ్.34కు మొదటి కండెన్సరు 60 మైక్రోఫారడ్ దాటకూడదని డేటాషీటులోనే ఉంది, 5వై3 లాంటివి అంత కూడా మోయలేవు. స్విచ్చి వేసిన ప్రతిసారీ కరెంటు పోటు తగిలి రెక్టిఫయరు చస్తుంది.

వాల్వు నంబర్లు మార్చి వేయమనే కస్టమర్లు తగులుతారు. 6ఎల్6 తీసి ఇ.ఎల్.34 పెట్టమంటారు, సాకెట్టు ఒకటే కదా అంటారు. 6ఎల్6జి.సి. హీటరు 0.9 ఆంపియర్లు తీసుకుంటే ఇ.ఎల్.34 ది 1.5. నాలుగు వాల్వుల సెట్టులో ఇది 2.4 ఆంపియర్ల అదనపు భారం, ట్రాన్స్‌ఫార్మరు మోస్తుందో లేదో చూడాలి. ఇ.ఎల్.34కు ఒకటో పిన్నును ఎనిమిదో పిన్నుతో కలపాలి, 6ఎల్6 సాకెట్లలో ఒకటో పిన్నును ఇంకేదో తీగ కట్టడానికి వాడుకున్న సెట్లు ఉన్నాయి. బయాస్ ఎలాగూ మళ్లీ సరిపెట్టాలి. ఇవన్నీ చూడకుండా సాకెట్టులో పట్టిందని పెట్టేస్తే పొగొస్తుంది.

ఇప్పుడు సౌండు సంగతి. దీని మీద కస్టమరుతో వాదన పెట్టుకోకండి, కానీ మీకు నిజం తెలిసి ఉండాలి. వాల్వు సౌండు తియ్యగా ఉండటానికి సరి హార్మోనిక్కులే కారణమంటారు. సంగీతం భాషలో చెప్పుకుంటే, షడ్జమం వాయించినప్పుడు రెండో హార్మోనిక్ తారస్థాయి షడ్జమం అవుతుంది, మూడోది ఆ పై పంచమం, ఐదోది అంతర గాంధారం. ఏడోది ఏ స్వరానికీ సరిగ్గా కుదరదు, చెవికి గరుకుగా తగులుతుంది. ఒక్క ట్రయోడుతో నడిచే సింగిల్‌ఎండెడ్ సెట్టులో రెండోదే ఎక్కువ, అందుకే అందులో వీణో గొంతో వింటే కాస్త నిండుగా అనిపిస్తుంది. అయితే పుష్‌పుల్ ఔట్‌పుట్ స్టేజీలో సరి హార్మోనిక్కులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. లోకంలో ఎక్కువ వాల్వు ఆంప్లిఫయర్లు పుష్‌పుల్లే. అక్కడ ఆ వివరణ నిలబడదు.

వాల్వు అంటేనే డిస్టార్షను అనుకోవడమూ పొరపాటే. 1947లో విలియమ్సన్ అనే ఇంజనీరు ఇంగ్లండులో వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో అచ్చేసిన 15 వాట్ల సర్క్యూటులో రెండు కె.టి.66లు, ఒక మంచి ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు, గట్టి ఫీడ్‌బ్యాకు ఉన్నాయి. డిస్టార్షను 0.1 శాతం. ఈనాటి చాలా చౌక సెట్లకు అది అందదు. ఇంకా చెప్పాలంటే, 1985లో బాబ్ కార్వర్ అనే అమెరికా ఇంజనీరు స్టీరియోఫైల్ పత్రికవాళ్లతో పందెం కట్టాడు. వాళ్లు మెచ్చిన ఖరీదైన వాల్వు ఆంప్లిఫయరు ఎలా పలుకుతుందో తన ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయరు చేత అలాగే పలికిస్తానన్నాడు. రెండిటి ఔట్‌పుట్‌లనూ ఒకదాన్నుంచి ఒకటి తీసివేసి, మిగిలిన తేడాను తగ్గిస్తూ పోయాడు. చివరికి ఆ సంపాదకులు రెండిటినీ వేరుచేసి చెప్పలేకపోయారు. పత్రికవాళ్లకు అది మింగుడుపడలేదు, కానీ దాచుకోకుండా అచ్చేశారు.

మరి తేడా వినిపించేది ఎక్కడ? నా లెక్కలో ఎక్కువ వాటా ఔట్‌పుట్ ఇంపెడెన్సుది. ఫీడ్‌బ్యాకు తక్కువగా ఉన్న వాల్వు సెట్టులో అది రెండు మూడు ఓములు కూడా ఉంటుంది. 8 ఓముల స్పీకరు అన్ని శ్రుతుల దగ్గరా 8 ఓములుండదు. అది ఎక్కడ పెరిగితే అక్కడ సౌండు లేస్తుంది, ఎక్కడ తగ్గితే అక్కడ అణుగుతుంది. బేసు కొంచెం ఊగుతూ గుండ్రంగా వస్తుంది. అందుకే అదే ఆంప్లిఫయరు ఒక ఇంట్లో బ్రహ్మాండం, ఇంకో ఇంట్లో బురద. సౌండు నచ్చలేదని వాల్వులు మార్చమనేవాడికి ముందు పైసా ఖర్చు లేని పని చేసి చూపించండి: స్పీకరు తీగను 8 ఓముల ట్యాపు నుంచి 4 ఓముల ట్యాపుకు మార్చి, ఇంట్లో మామూలు సౌండులో వినమనండి. పవరు కాస్త తగ్గుతుంది, బేసు బిగుస్తుంది. చాలామందికి అడిగింది అక్కడే దొరుకుతుంది. గట్టిగా వాయించే గిటారు ఆంప్లిఫయరు మీద మాత్రం ఈ ప్రయోగం చేయకండి, స్క్రీన్లకూ ట్రాన్స్‌ఫార్మరుకూ భారం.

గిటారు ఆంప్లిఫయరు కథే వేరు. అక్కడ వాల్వును కావాలనే హద్దు దాటిస్తారు. ఆ చిరుగే వాద్యం. అందువల్ల ఒక కంపెనీ 12ఎఎక్స్7కూ (ఇ.సి.సి.83కే మరో పేరు) ఇంకో కంపెనీదానికీ తేడా వినిపిస్తుందని వాయించేవాడంటే నమ్మండి. దాని యాంప్లిఫికేషన్ ఫ్యాక్టరు 100, 12ఎటి7ది 60, 12ఎయు7ది 20కి లోపు. పిన్నులు ఒకటే కాబట్టి ఒకదాని స్థానంలో ఒకటి పెట్టి గెయిను తగ్గించుకోవడం వాళ్లకు మామూలు, ప్రీఆంప్ స్థానాల్లో ప్రమాదం లేదు. పాటలు వినే సెట్టులో, ఫీడ్‌బ్యాకు ఉన్నచోట, కంపెనీ మార్చినంత మాత్రాన వచ్చే తేడా చాలా చిన్నది. ఎవరైనా పట్టుబడితే రెండు వాల్వులనూ వాళ్లకు కనబడకుండా ఇంకొకరి చేత మార్పించి వినమనండి. సౌండు స్థాయి రెండిటికీ సమంగా ఉండాలి, 400 హెర్ట్‌జ్ లోపు టోను పెట్టి స్పీకరు టెర్మినళ్ల దగ్గర ఏసీ వోల్టులు సరిచూస్తే చాలు. మామూలు మీటర్లు అంతకు మించిన ఫ్రీక్వెన్సీని నమ్మకంగా కొలవవు. ఎక్కువ మోగేదే బాగుందనుకోవడం చెవికి పుట్టుబుద్ధి.

వాల్వులు కొనడం ఎలా అంటే, ఇప్పుడు ప్రధానంగా మూడు దేశాల్లో తయారవుతున్నాయి. స్లొవాకియాలో జె.జె., రష్యాలోని సరాతోవ్‌లో ఒక పెద్ద కర్మాగారం, ఇంకా చైనా. 2022 మార్చిలో రష్యా ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టగానే ధరలు ఎగిరిపడ్డాయి. ఎక్కువగా అడిగే రకాలు, అంటే ఇ.సి.సి.83, ఇ.ఎల్.84, ఇ.ఎల్.34, రెండేసి జతలు చేతిలో ఉంచుకోవడం మంచిది. ఔట్‌పుట్ వాల్వులు మ్యాచింగు జతలే కొనండి, కొన్నాక మీ సెట్టులో మీరే కొలవండి. రెంటి కరెంటుకూ తేడా ఎక్కువైతే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కోర్ ఒక పక్కకు అయస్కాంతమై బేసు చెడుతుంది.

మన దేశంలోనూ వాల్వులు తయారయ్యాయి. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్, అదే బెల్, 1961లో రిసీవింగ్ వాల్వులు మొదలుపెట్టింది. హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీలోనో చెన్నై రిచీ స్ట్రీట్లోనో ముంబయి లామింగ్టన్ రోడ్డులోనో పాత కొట్ల అటకల మీద ఆ డబ్బాలు ఇంకా బయటపడుతుంటాయి. దొరికితే కొనండి, కానీ డబ్బా కొత్తదైనంత మాత్రాన లోపలిది కొత్తదని నమ్మకండి. వాడినదాన్ని పాత అట్టపెట్టెలో పెట్టి అమ్మడం, గాజు మీద పెద్ద కంపెనీ పేరు అచ్చేయడం ఈ బజారులో పాతకాలం విద్యలే. పిన్నుల మీద సాకెట్టు గీతలు చూడండి. వీలైతే తెలిసిన సెట్టు ఒకటి వెంట తీసుకెళ్లి అక్కడే పెట్టి చూడండి. ఎమిషను మాత్రమే చూపే చౌక టెస్టరు "గుడ్" అన్న వాల్వు సెట్టులో గురగురమనవచ్చు.

డబ్బు దగ్గర మొహమాటం వద్దు. చూసినందుకు ఇంత అని ముందే చెప్పండి, బాగుచేసినా చేయకపోయినా అది మీది. ఈ పనిలో కష్టమంతా కొలవడంలోనే ఉంది. వాల్వు మార్చడం చిన్నపిల్లవాడైనా చేస్తాడు. బిల్లు వెనక ప్లేటు వోల్టులు, ఒక్కో వాల్వు కరెంటు, మెయిన్సు ఎంత ఉండగా కొలిచారో, తేదీ, ఇవన్నీ రాసివ్వండి. తర్వాత సెట్టు మళ్లీ వస్తే ఆ కాగితమే మీ తరఫు సాక్షి. తీసేసిన పాత వాల్వులు తిరిగి ఇచ్చేయండి. బాగున్నవాటిని "ఇవి బాగున్నాయి, దాచుకోండి" అని రాసి మరీ ఇస్తే ఆ కస్టమరు ఇంకెక్కడికీ వెళ్లడు.

ఆర్టీసీ పార్సిల్లోనో కొరియరులోనో వేరే ఊరు పంపాల్సి వస్తే వాల్వులు సాకెట్లలో ఉంచి పంపకండి. ప్రతి వాల్వుకూ సాకెట్టు నంబరు రాసిన చీటీ చుట్టి, మెత్తటి కాగితంలో విడివిడిగా పెట్టి, వేరే చిన్న డబ్బాలో సర్దండి. ట్రాన్స్‌ఫార్మర్లున్న వైపు బరువు, పెట్టెలో ఆ మూలకు థర్మోకోల్ రెట్టింపు వేయండి. అందుకున్నాయనకు ఫోను చేసి వరుస చెప్పండి: వాల్వులు నంబరు ప్రకారం పెట్టాలి, స్పీకరు తగిలించాలి, వాల్యూము సున్నాకు తిప్పాలి, ఆ తర్వాతే ప్లగ్గు. మొదటి పది నిమిషాలు గది లైటు ఆర్పి వాల్వుల ప్లేట్లు చూస్తూ కూర్చోమనండి, ఎరుపు కనిపిస్తే ఆపి మీకు ఫోను చేయమనండి.